ఉత్తుత్తి ఆట, గట్టి పందెం

ఆఫీసులో ఎవరైనా "ఈ ఏడాది నుంచి దీన్ని కూడా మీ అప్రైజల్లో కలుపుతున్నాం" అన్నారంటే చాలు, నాకు మిల్వాకీ గుర్తొస్తుంది. మిల్వాకీకీ అప్రైజల్‌కీ లంకె ఏంటంటారా? అదే ఈ టపా. కాస్త పొడుగైంది, కాఫీ తెచ్చుకుని కూర్చోండి.

ముందుగా ఓ ఒప్పుకోలు. నేను బేస్‌బాల్ పండితుణ్ణేం కాదు. ఈ దేశం వచ్చిన కొత్తలో "ఇదేం ఆటరా నాయనా, అన్నీ ఫుల్‌టాసులే" అని వెక్కిరించిన బాపతే. ఒక వేసవంతా ప్రాజెక్టు లేక బెంచి మీద ఉన్నప్పుడు, మా అపార్ట్‌మెంట్ టీవీలో సాయంత్రమైతే అదే వస్తుంటే, అలా అలవాటైపోయింది. నిజం చెప్పొద్దూ, మన టెస్టు మ్యాచ్ చూసే ఓపికున్నవాడికి బేస్‌బాల్ పెద్ద కష్టమేం కాదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో నేపథ్యం. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్లో 30 జట్లున్నాయి. అమెరికన్ లీగ్‌లో 15, నేషనల్ లీగ్‌లో 15. ఒక్కో జట్టు ఏడాదికి 162 మ్యాచులాడుతుంది. శరదృతువులో రెండు లీగుల విజేతలూ వరల్డ్ సిరీస్‌లో తలపడతాయి. ఏడింట్లో నాలుగు గెలిచినవాళ్ళది టైటిల్. వీటన్నిటి మధ్యా, జూలైలో ఒక రోజు, ఈ లీగు నుంచి మేటి ఆటగాళ్ళూ ఆ లీగు నుంచి మేటి ఆటగాళ్ళూ కలిసి ఒక మ్యాచ్ ఆడతారు. అదే ఆల్‌స్టార్ గేమ్. పాయింట్లుండవు, పట్టికలో లెక్కకి రాదు. మన భాషలో చెప్పాలంటే ఉత్తుత్తి ఆట.

ఇది మొదలైంది 1933 జూలై 6న, షికాగోలో. ఆ ఊళ్ళో పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుంటే, దానికి తోడుగా ఒక్కసారికి ఇలాంటిదొకటి పెడదామని షికాగో ట్రిబ్యూన్ స్పోర్ట్స్ ఎడిటర్ ఆర్చ్ వార్డ్‌కి వచ్చిన ఆలోచన. దేశమంతా డిప్రెషన్‌లో కొట్టుకుంటున్న రోజులు. వచ్చిన డబ్బు ఇబ్బందుల్లో ఉన్న పాత ఆటగాళ్ళకిచ్చారు. ఆల్‌స్టార్ చరిత్రలో మొదటి హోమ్ రన్ ఎవరు కొట్టి ఉంటారు? ఇంకెవరు, బేబ్ రూత్. ఒక్కసారికే అనుకున్నది అందరికీ నచ్చేసి ఏటా జరిగే పండగైపోయింది. యుద్ధం వల్ల 1945లో, కోవిడ్ వల్ల 2020లో తప్ప ఎప్పుడూ ఆగలేదు.

సరే, మిల్వాకీకి వద్దాం.

2002 జూలై 9. ఆట మిల్వాకీలో. అప్పటి బేస్‌బాల్ కమిషనర్ బడ్ సీలిగ్ సొంతూరు అది. అక్కడి జట్టు బ్రూవర్స్ ఒకప్పుడు ఆయనదే. అంటే పెళ్ళి మన ఇంట్లోనే అన్నమాట. మొదట్లో బ్రహ్మాండంగా సాగింది. బ్యారీ బాండ్స్ కొట్టిన బంతి గోడ దాటి పోతుంటే టోరీ హంటర్ ఎగిరి గోడమీదనుంచి లాగేశాడు. బాండ్స్ నవ్వుతూ వెళ్ళి హంటర్ని అమాంతం భుజమ్మీదకి ఎత్తుకున్నాడు. అదీ ఆల్‌స్టార్ ఆటంటే!

కానీ తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి స్కోరు సమానం. బేస్‌బాల్లో డ్రా అనేది మామూలుగా ఉండదు, ఎవరో ఒకరు గెలిచేదాకా ఇన్నింగ్స్ పెంచుకుంటూ పోవాల్సిందే. ఇంకో నియమం కూడా ఉంది, ఇదే అసలు కీలకం: ఒకసారి ఆటలోంచి బయటికొచ్చినవాడు మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు. ఉత్తుత్తి ఆటే కదా, అందరికీ అవకాశం ఇద్దామని మేనేజర్లిద్దరూ 30 మందినీ వరసగా దింపేశారు. పదకొండో ఇన్నింగ్స్‌కి 7-7. రెండు వైపులా ఒక్కో పిచ్చరే మిగిలాడు, వాళ్ళూ అప్పటికే రెండేసి ఇన్నింగ్స్ వేసేశారు. ఇంకా వేయిస్తే చెయ్యి పాడవుతుంది, వీళ్ళ అసలు జట్లు ఊరుకోవు. సీలిగ్ దగ్గరకి మేనేజర్లూ అంపైరూ వెళ్ళారు. ఆయన రెండు చేతులూ పైకెత్తి 'ఏం చెయ్యను' అన్నట్టు మొహం పెట్టిన ఫోటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. చివరికి టై అని ప్రకటించారు. సొంతూరి జనం ఆయన్నే గోల చేసి వెళ్ళగొట్టినంత పని చేశారు.

ఇందులో ఇంకో చిన్న విషాదం. మహానుభావుడు టెడ్ విలియమ్స్ అంతకి నాలుగు రోజుల ముందే పోయాడు. ఆ ఏడే ఆల్‌స్టార్ ఉత్తమ ఆటగాడి బహుమతికి ఆయన పేరు పెట్టారు. తీరా ఆట టై కావడంతో ఆ బహుమతి ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు మనమైతే ఏం చేస్తాం? ఇది ప్రొడక్షన్లో పడ్డ బగ్. కారణం తెలిసిపోయింది: మనుషులు అయిపోయారు. ఫిక్సు కూడా తేలికే: జట్టులో ఇంకో ఇద్దరు పిచ్చర్లని పెంచు, ఒకళ్ళిద్దర్ని చివరిదాకా అట్టిపెట్టు. అయిపోయింది, టికెట్టు మూసెయ్.

కానీ యాజమాన్యం అలా ఆలోచించదుగా. వాళ్ళకి తోచిన కారణం వేరు. 'ఆటగాళ్ళకి పట్టింపు తగ్గిపోయింది, టీవీలో చూసేవాళ్ళు తగ్గిపోయారు, కాబట్టి పందెం పెడదాం!' 2003 నుంచి కొత్త రూలు: ఆల్‌స్టార్ ఆట ఏ లీగు గెలిస్తే, వరల్డ్ సిరీస్‌లో ఆ లీగు జట్టుకి సొంత మైదానం లాభం. అంటే ఏడు మ్యాచుల్లో నాలుగు వాళ్ళ ఊళ్ళో. సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వస్తే ఆ ఆఖరాట వాళ్ళ జనం ముందే. దీనికో నినాదం కూడా: 'దిస్ టైమ్ ఇట్ కౌంట్స్'. ఈసారి లెక్కలోకొస్తుందహో అని దండోరా. మొదట రెండేళ్ళకే అన్నారు. అది కాస్తా 2016 దాకా, పద్నాలుగేళ్ళు నడిచింది.

ఇక్కడ కాసేపు బేస్‌బాల్ ఆపి నా గోల చెప్పుకుంటాను.

చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక కంపెనీ (పేరు వద్దులెండి) ఇంకో చిన్న కంపెనీని కొనేసింది. కాబట్టి మా ఫ్లోర్లో రెండు తెగలు, 'పాతవాళ్ళు', 'కొత్తవాళ్ళు'. ఏటా వేసవిలో ఒక శనివారం కౌంటీ పార్కులో పాట్‌లక్కు, దాంతోపాటు పాతవాళ్ళకీ కొత్తవాళ్ళకీ టెన్నిస్ బాల్ క్రికెట్టు. ఒకరు పులిహోర, ఒకరు బిర్యానీ, ఒకాయన ఏటా అవే మాడిపోయిన మిరపకాయ బజ్జీలు. యాభై దాటిన మా ఆర్కిటెక్ట్ గారికి అండరామ్ బౌలింగు, పిల్లలకి రెండుసార్లు ఔటైనా ఫరవాలేదు, జీవితంలో బ్యాటు పట్టని చైనా అమ్మాయికి స్క్వేర్ లెగ్‌లో మర్యాదస్థానం. ఎవరు గెలిచారో సోమవారానికి ఎవరికీ గుర్తుండేది కాదు. కానీ వెక్కిరింతలు మాత్రం ఏడాదంతా నడిచేవి. విచిత్రమేంటంటే, రెండు తెగలూ కోడ్ రివ్యూల్లో కొట్టుకోకుండా మాట్లాడుకోవడం మొదలెట్టింది ఆ పార్కులోనే.

ఓ ఏడాది కొత్తగా వచ్చిన డైరెక్టరు గారికి మా ఉత్సాహం చూసి ముచ్చటేసింది. "దీన్ని ఇంకాస్త రసవత్తరం చేద్దాం" అన్నాడు. ఓడిన టీము థాంక్స్‌గివింగ్ నుంచి న్యూ ఇయర్ దాకా ఆన్‌కాల్ చెయ్యాలి. చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను. సరదాగా ఉంటుందనిపించింది మరి. ఆ మాట దాచడం దేనికి.

ఆ ఏడు ఆర్కిటెక్ట్ గారికి బౌలింగ్ ఇవ్వలేదు. ఆ అమ్మాయిని స్కోరు రాయమన్నారు. ఒక వైడ్ గురించి ఇరవై నిమిషాలు వాదన, అదీ ఇద్దరు సీనియర్ ఇంజినీర్ల మధ్య, పిల్లల ముందు. మేం ఓడిపోయాం. ఒక సులువైన క్యాచ్ నేనే వదిలేశాను. డిసెంబర్‌లో ఆన్‌కాల్ వంతులేస్తే, పండగ వారం మాలో ఒకతనికి పడింది. అతనా రోజు పార్కుకే రాలేదు, భార్యకి నెలలు నిండుతున్నాయని ఇంట్లో ఉండిపోయాడు. అతను ఆసుపత్రి వరండాలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని సర్వర్ రీస్టార్ట్ చేస్తున్నాడని తర్వాత తెలిసింది. వంతు మార్చుకుందామని నేను ముందే అడిగి ఉండాల్సింది. అడగలేదు. అతనేమీ అనలేదు. మరుసటి వేసవిలో పార్కుకి పేర్లిచ్చినవాళ్ళు ఆరుగురు. ఆట జరగలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ జరగలేదు.

ఆడేదొకళ్ళు, అనుభవించేదొకళ్ళు. ఆల్‌స్టార్ పందెంలో ఉన్న అసలు తప్పు కూడా సరిగ్గా ఇదే.

ఆలోచించండి. జూలైలో ఆడే అరవై డెబ్భై మందిలో అక్టోబర్లో వరల్డ్ సిరీస్ ఆడేది ఎందరు? పైగా ప్రతి జట్టు నుంచీ కనీసం ఒకడుండాలని నియమం. అంటే పట్టికలో అట్టడుగున ఉన్న జట్టువాడు కూడా ఉంటాడు. వాడికీ అక్టోబర్‌కీ ఏం సంబంధం? వాడి ఆటమీద ఇంకెవరి ఊళ్ళోనో ఏడో మ్యాచ్ ఆధారపడుతుంది. ఇలాంటి ప్రోత్సాహకం మనిషిని కదిలించదు. మూల్యం మాత్రం చెల్లిస్తుంది, ఇంకెవరో.

ఉదాహరణలు కావాలా? 2011 చూడండి. ఆట ఫీనిక్స్‌లో. బ్రూవర్స్ ఆటగాడు ప్రిన్స్ ఫీల్డర్ కొట్టిన మూడు పరుగుల హోమ్ రన్‌తో నేషనల్ లీగ్ గెలిచింది. కొట్టించుకున్న పిచ్చర్ టెక్సాస్ రేంజర్స్ ఆటగాడు సీజే విల్సన్. అక్టోబర్‌కి ఏమైంది? ఫీల్డర్ జట్టుని సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఓడించి వరల్డ్ సిరీస్‌కి వెళ్ళింది. ఎదురుగా ఎవరు? విల్సన్ గారి రేంజర్సే. సీజన్లో రేంజర్స్ గెలిచినవి 96, కార్డినల్స్ గెలిచినవి 90. అయినా ఆరో ఆట, ఏడో ఆట సెయింట్ లూయిస్‌లోనే. రెండూ కార్డినల్సే గెలిచారు. ఫీల్డర్ తనని ఓడించినవాళ్ళకే వడ్డించి పెట్టాడన్నమాట.

2008 ఇంకా తమాషా. యాంకీ స్టేడియంలో ఆట పదిహేను ఇన్నింగ్స్ సాగింది, 4 గంటల 50 నిమిషాలు. మళ్ళీ పిచ్చర్లు అయిపోయే స్థితి. అమెరికన్ లీగ్ ఆఖరికి టాంపా బే ఆటగాడు స్కాట్ కాజ్మిర్‌ని దింపింది, రెండ్రోజుల ముందే తన జట్టుకి వేసి అలిసిపోయున్నవాణ్ణి. 4-3తో గెలిచారు. ఓడిన పిచ్చర్ ఫిలడెల్ఫియాకి చెందిన బ్రాడ్ లిడ్జ్. అక్టోబర్లో తలపడింది ఎవరనుకున్నారు? టాంపా బే, ఫిలడెల్ఫియా. సొంత మైదానం లాభం టాంపా వాళ్ళకే. కానీ సిరీస్ 4-1తో ఫిలడెల్ఫియా గెలిచింది, ఆఖరి బంతి వేసి మోకాళ్ళ మీద కూలబడింది అదే లిడ్జ్.

2016లో షికాగో కబ్స్ 103 మ్యాచులు గెలిచారు, క్లీవ్‌లాండ్ 94. కానీ జూలైలో అమెరికన్ లీగ్ గెలిచింది కాబట్టి ఏడో ఆట క్లీవ్‌లాండ్‌లో. కబ్స్ అక్కడికి వెళ్ళి పది ఇన్నింగ్స్‌లో 8-7తో గెలిచి 108 ఏళ్ళ తర్వాత టైటిల్ తెచ్చుకున్నారు. వాళ్ళు ఓడిపోయుంటే ఈ రూలు మీద ఎంత రభస అయ్యుండేదో ఊహించుకోండి.

న్యాయంగా అవతలి వాదన కూడా చెప్పాలి. 2003కి ముందు ఈ లాభం ఒక ఏడాది ఈ లీగుకి, మరో ఏడాది ఆ లీగుకి, వంతులవారీగా ఇచ్చేవారు. అదీ ప్రతిభతో సంబంధం లేనిదే కదా, దానికంటే ఇది నయం కాదా అంటారు. పైగా ఆ పద్నాలుగేళ్ళలో లాభం దక్కిన జట్టు గెలిచింది తొమ్మిదిసార్లే, ఓడింది ఐదుసార్లు, అంత కొంపలు మునిగిందేమీ లేదంటారు. లెక్క నిజమే. కానీ వంతు వంతే, అది ప్రతిభనని చెప్పుకోదు. బొమ్మా బొరుసూ వేసి ఓడితే ఎవరూ ఏడవరు. బొరుసుకి 'పోటీ' అని పేరు పెట్టి, దానికోసం ప్రాణం పెట్టి ఆడమంటేనే చిరాకు.

మరి వాళ్ళు ప్రాణం పెట్టి ఆడారా? 2014 చెప్తుంది ఆ సంగతి. డెరెక్ జీటర్ కి నలభై ఏళ్ళు, అదే ఆఖరి ఆల్‌స్టార్. మొదటి బంతులేసింది ఆడమ్ వెయిన్‌రైట్. జీటర్ డబుల్ కొట్టాడు. ఆట అయ్యాక వెయిన్‌రైట్, పెద్దాయనకి ఒకట్రెండు తేలిక బంతులు వేద్దామనుకున్నానని నోరుజారాడు. తర్వాత అబ్బే జోకు వేశానన్నాడు. ఆ ఇన్నింగ్స్‌లో అమెరికన్ లీగ్ మూడు పరుగులు చేసింది, ఆట 5-3తో గెలిచింది. పాపం అతన్ని ఎంత తిట్టారో! నేనడిగేదొక్కటే: ఉత్తుత్తి ఆటలో రిటైరయ్యే పెద్దాయనకి మర్యాద చెయ్యడం తప్పెందుకవుతుంది? పందెం పెట్టారు కాబట్టి అయింది. చక్కటి మనిషితనాన్ని నేరం చేసిందా రూలు. మా ఆర్కిటెక్ట్ గారికి అండరామ్ వెయ్యడం ఎలా నేరమైపోయిందో, అలాగే.

ఇహ అసలు ప్రశ్న. ఒకప్పుడు ఈ ఆటని నిజంగానే ప్రాణం పెట్టి ఆడేవారు కదా, అప్పుడేం పందెం ఉండేది?

ఏమీ లేదు. అప్పుడు ఉన్నది వైరం. నేషనల్ లీగ్ 1876లో పుట్టింది. అమెరికన్ లీగ్ 1901లో మేజర్ లీగునంటూ వచ్చి వీళ్ళ ఆటగాళ్ళని ఎగరేసుకుపోయింది. 1904లో న్యూయార్క్ జెయింట్స్ మేనేజర్ జాన్ మెగ్రా, వాళ్ళ యజమానీ కలిసి, ఆ లీగుతో మేం ఆడేదేంటని వరల్డ్ సిరీసే మానేశారు! అదే మెగ్రా రిటైరయ్యాక 1933లో మొదటి ఆల్‌స్టార్ ఆటకి నేషనల్ లీగ్ మేనేజరుగా వచ్చాడు. రెండు లీగులకీ వేర్వేరు అధ్యక్షులు, వేర్వేరు ఆఫీసులు, వేర్వేరు అంపైర్లు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఈ లీగు జట్టు ఆ లీగు జట్టుతో ఒక్క మ్యాచ్ కూడా ఆడదు. అవతలి లీగు మొనగాణ్ణి కళ్ళతో చూడాలంటే ఈ ఒక్క జూలై రోజే.

అంతెందుకు, మనుషుల్ని ఎంచుకోవడంలోనే తేడా. 1947లో జాకీ రాబిన్సన్‌తో మొదలుపెట్టి నల్లజాతి ఆటగాళ్ళని తీసుకోవడంలో నేషనల్ లీగ్ ముందుంది. విల్లీ మేస్, హాంక్ ఆరన్, రాబెర్టో క్లెమెంటే అందరూ అటే. అమెరికన్ లీగ్‌లో చాలా జట్లు తాత్సారం చేశాయి. ఫలితం మైదానంలో కనిపించింది: 1963 నుంచి 1982 దాకా ఇరవై ఆటల్లో పంతొమ్మిది నేషనల్ లీగ్‌వే. వాళ్ళ అధ్యక్షుడు వారెన్ గైల్స్ తన హయాంలో ఆటకి ముందు డ్రెస్సింగ్ రూముకెళ్ళి, గెలిచి తీరాలని ఆవేశంగా ఉపన్యాసం దంచేవాడు. మేస్, ఆరన్ లాంటివాళ్ళు పరువు కోసం ఆడారు. లెక్కలోకి రాని ఆటని లెక్కచేసింది వాళ్ళు, రూలు కాదు.

అయితే ఆ పరువు పిచ్చి కూడా ఊరికే పోలేదని ఒప్పుకోవాలి. 1970, సిన్సినాటి, పన్నెండో ఇన్నింగ్స్. ఆ ఊరి కుర్రాడే పీట్ రోజ్, గెలుపు పరుగు కోసం దూసుకొచ్చి, దారికి అడ్డంగా ఉన్న క్యాచర్ రే ఫాసీని గుద్దేశాడు. నేషనల్ లీగ్ 5-4తో గెలిచింది. ఫాసీకి అప్పుడు 23 ఏళ్ళు. ఆ సీజన్లో అప్పటిదాకా 16 హోమ్ రన్లు కొట్టినవాడు, మిగతా సీజన్లో కొట్టింది రెండే. భుజం విరిగిన సంగతి కూడా చాలా ఆలస్యంగా బయటపడింది. తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆడాడు గానీ, మళ్ళీ ఆ పాత ఫాసీ కాలేదు. రోజ్‌ని కొందరు అదీ ఆటంటే అని మెచ్చుకున్నారు, కొందరు ఇప్పటికీ క్షమించలేదు. నేను రెండో బాపతు. ఒక్కటి మాత్రం గమనించండి, రోజ్‌కి ఆ రోజు ఏ లాభమూ ఎదురుగా లేదు. ఎవరూ పందెం పెట్టలేదు. కసి అనేది ఉంటే అడక్కుండానే వస్తుంది, కొన్నిసార్లు వద్దన్నా వస్తుంది. లేకపోతే కొని తేలేం.

మరి ఆ కసి ఎక్కడికి పోయింది? యాజమాన్యమే ఒక్కో ఇటుకా పీకేసింది. 1997లో రెండు లీగుల జట్లూ సీజన్లోనే ఆడుకోవడం మొదలెట్టాయి. 2000లో లీగు ఆఫీసులు ఎత్తేసి అన్నీ కమిషనర్ కింద కలిపేశారు, అంపైర్లు కూడా ఒకే జాబితా. పిచ్చర్‌కి బదులు వేరేవాడు బ్యాటింగ్ చేసే పద్ధతి 1973 నుంచి అమెరికన్ లీగ్‌కే ప్రత్యేకం, అది 2022లో రెండు లీగులకీ ఒకటే అయింది. 2023 నుంచి ప్రతి జట్టూ మిగతా 29 జట్లతోనూ ఆడుతుంది. ఇవన్నీ తప్పని నేననడం లేదు, చాలావాటికి మంచి కారణాలున్నాయి. కానీ రెండు డిపార్ట్‌మెంట్లని కలిపేసి, ఒకే బాసుని పెట్టి, అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఆ తర్వాత "మీ మధ్య పాత పౌరుషం ఏదయ్యా" అని అడిగితే ఎలా?

ఈ జబ్బు బేస్‌బాల్‌కే కాదు. మనకీ ఉంది. 2005 అక్టోబర్లో ఐసీసీ వాళ్ళు ఆస్ట్రేలియాకీ ప్రపంచ జట్టుకీ సూపర్ సిరీస్ అని పెట్టారు గుర్తుందా? మూడు వన్డేలు, సిడ్నీలో ఒక టెస్టు. జనం పట్టించుకోవాలని ఆ టెస్టుకి అధికారిక హోదా ఇచ్చి రికార్డుల్లో కలిపేశారు. అటుపక్కన ఒకళ్ళని మించి ఒకళ్ళు హేమాహేమీలు. ఏమైంది? ఆస్ట్రేలియా మూడు వన్డేలూ గెలిచింది, టెస్టు 210 పరుగుల తేడాతో గెలిచింది. ఒకళ్ళు దేశం కోసం ఆడారు, ఇంకొకళ్ళు హోదా కోసం. హోదా ముద్ర వేసినంత మాత్రాన జట్టు అయిపోదు. ఆ ప్రయోగం మళ్ళీ జరగలేదు.

మరి ఏ పందెమూ లేని ఆట వల్ల ఉపయోగమేంటి? నాకు తెలిసిన ఆల్‌స్టార్ దృశ్యాల్లో అన్నిటికన్నా గొప్పది అసలు ఆటలో జరగలేదు. 1999, బోస్టన్, ఫెన్వే పార్కు. ఎనభై ఏళ్ళ టెడ్ విలియమ్స్‌ని చిన్న బండిలో మైదానంలోకి తీసుకొచ్చారు. రెండు జట్ల కుర్రాళ్ళూ, కోట్లకు పడగలెత్తినవాళ్ళు, చిన్నపిల్లల్లా ఆయన చుట్టూ మూగిపోయారు. ఆట మొదలెట్టాలి, ఎవరి చోట్లకి వాళ్ళు వెళ్ళండని మైకులో చెప్పినా కదల్లేదు. తర్వాత ఆట మొదలయ్యాక పెడ్రో మార్టినెజ్ మొదటి నలుగుర్నీ వరసగా స్ట్రైకౌట్ చేశాడు. అప్పుడు ఏ పందెమూ లేదు. ఆయన సొంత ఊరి జనం, ఎదురుగా సోసా, మెగ్వైర్ లాంటి కొమ్ములు తిరిగినవాళ్ళు, అది చాలు.

ఇంకో ఉపయోగం మన బుర్రలకి బాగా ఎక్కుతుంది. స్టేజింగ్ సర్వర్! 2025 ఆల్‌స్టార్ ఆటలో బంతి స్ట్రైకా బాలా అన్నది కెమెరాలతో తేల్చే అప్పీలు పద్ధతిని పెట్టి చూశారు. ఐదుసార్లు అడిగితే నాలుగుసార్లు అంపైర్ మాట మారింది. కొంప మునిగేదేమీ లేదు కాబట్టి అందరూ నవ్వుకున్నారు, నేర్చుకున్నారు. దాన్నే 2026 సీజన్‌కి తీసుకోవాలని తర్వాత నిర్ణయించారు. అదే పందెం ఉన్న రోజుల్లో అయితే ఆ ప్రయోగానికి ఎవరైనా ఒప్పుకునేవాళ్ళా? ప్రొడక్షన్లో ఎవరు టెస్టింగ్ చేస్తారు? (చేస్తాం లెండి, ఆ సంగతి మనలో మనకే ఉండనివ్వండి :-))

2017లో పందెం రూలు తీసేశారు. అప్పట్నుంచీ సీజన్లో ఎక్కువ గెలిచిన జట్టుకే వరల్డ్ సిరీస్‌లో లాభం. మొదట్నుంచీ ఉండాల్సింది అదే. పందెం పోయాక ఆల్‌స్టార్ ఆట చచ్చిపోయిందా? 2025 జూలై 15, అట్లాంటా. నేషనల్ లీగ్ 6-0 ఆధిక్యంలోకి వెళ్ళింది, అమెరికన్ లీగ్ వెంటాడి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 6-6 చేసింది. 2002లో సీలిగ్ చేతులెత్తేసిన స్థితే. కానీ ఈసారి రూలు వేరు: ముగ్గురేసి బ్యాటర్లు, ఒక్కొక్కరికీ మూడు దెబ్బలు, ఎవరు ఎక్కువ హోమ్ రన్లు కొడితే వాళ్ళదే ఆట. నేషనల్ లీగ్ 1-3తో వెనకబడి ఉండగా కైల్ ష్వార్బర్ వచ్చి మూడు దెబ్బల్లో మూడూ స్టాండ్స్‌లో పడేశాడు. 4-3. బయట కూర్చున్న ఆటగాళ్ళంతా గంతులే గంతులు. ఉత్తమ ఆటగాడు, అదే టెడ్ విలియమ్స్ పేరుతో ఉన్న బహుమతి, అతనికే.

ఛాందసులకి ఇది నచ్చలేదు, ఇది బేస్‌బాలా సర్కస్సా అన్నారు. సర్కస్సే. పండగ రోజు సర్కస్ తప్పేంటి? 2002లో అవసరమైన ఫిక్సు ఇదే కదా. మనుషులు అయిపోతే ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకి జవాబు, అంతే. ఆ చిన్న ప్రశ్నకి జవాబు దొరక్క, అందర్లోనూ పౌరుషం నింపుదామని పద్నాలుగేళ్ళు ఇంకెవరి అక్టోబర్నో తాకట్టు పెట్టారు.

ఏతావాతా నే చెప్పొచ్చేదేమంటే, మనుషులు దేన్నైనా పట్టించుకోవడం లేదని మీకనిపిస్తే, ముందు అది నిజమో కాదో చూడండి. పిచ్చర్లు అయిపోయి ఉండొచ్చు, పట్టింపు కాదు. నిజంగానే పట్టించుకోకపోతే, అది ఎందుకు పోయిందో, మనమే ఏ ఇటుక పీకామో చూడండి. ఇవేవీ చూడకుండా పందెం కట్టారంటే, ఉన్న సరదా కాస్తా పోతుంది, బిల్లు మాత్రం ఆ రోజు పార్కుకే రాని ఒకడికి వెళ్తుంది.

ఆ 'ఒకడు' ఇప్పటికీ నాకు మంచి స్నేహితుడే. అప్పుడు పుట్టిన పిల్ల ఇప్పుడు వాళ్ళ స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతోంది. ఈ మధ్య ఫోన్లో, ఎప్పుడో చెప్పాల్సిన సారీ చెప్పాను. "ఏ క్యాచ్ రా?" అన్నాడు. క్యాచ్ గురించి కాదు, చెయ్యెత్తినందుకు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఈ వేసవికి రా, పార్కులో ఆడదాం. పందెం లేదు, బజ్జీలు మాత్రం నువ్వే తేవాలి" అన్నాడు.

మాడిపోయినవే తీసుకెళ్తాను. సంప్రదాయం కదా!